చాటింపు మాది, మాట వాళ్ళది

మా ఊరికి మొట్టమొదటి విలేఖరి మా తాత. శిస్తు గడువు అయిపోతుందన్నా, చెరువు నీళ్ళు ఫలానా రోజు వదుల్తారన్నా, టీకాల వాళ్ళు వస్తున్నారన్నా, ఎవరిదో ఎద్దు తప్పిపోయిందన్నా ఊరంతటికీ తెలిసేది ఆయన డప్పు మీద నుంచే. సందు మొదట్లో నిలబడి డప్పు మోగించి గొంతెత్తేవాడు. గొంతు ఆయనది, డప్పు ఆయనది, డప్పుకి తోలు చేసింది మా వాళ్ళే. మాట మాత్రం మునసబుది. ఆ మాటకి ఒక ముక్క కలపడానికి లేదు, తీసెయ్యడానికి లేదు. 1984లో మునసబు, కరణాల పదవులు రద్దయ్యేదాకా మా ఇంటి పని ఇదే. కూలి, కల్లంలో మేర గింజలు. మాదిగపల్లెలో ఇల్లు తగలబడిన రోజున మాత్రం చాటింపు లేదు. ఊరికి అది వార్త కాదు.

మనల్ని వార్తల్లోకి రానీయలేదని అందరం అంటాం. నేను ఇంకొంచెం కలుపుతాను. మనచేత వార్త మోయించారు, పల్లకీ మోయించినట్టే.

పత్రికల్నీ టీవీల్నీ నిలదీసే పాటల గురించి రాద్దామనుకున్నప్పుడు నాకు ముందు తట్టింది ఇదే. మన ఉద్యమ పాటల్లో దొర మీద వుంది, పోలీసు మీద వుంది, ఓటు మీద, సారా మీద వుంది. పత్రిక మీద, నేను విన్నంతలో, బహు తక్కువ. మా పల్లెకి పత్రిక పొట్లాం రూపంలో వచ్చేది. శనగపప్పు ఒలకబోసుకుని, నూనె మరకల మధ్య మిగిలిన సగం వార్త చదివేవాణ్ణి. రానిదాన్ని తిడుతూ ఎవరు పాట కడతారు? అమెరికా నల్లవాళ్ళ పరిస్థితి వేరు. అక్కడ 1960ల నాటికే గుడిసెలోనూ టీవీ వుంది. రోజూ రాత్రి ఎదురుగా కూచుని తమ మొహాల్ని తాము నేరస్తుల మొహాలుగా చూసుకోవాల్సి వచ్చిన జనం వాళ్ళు. అందుకే వాళ్ళ దగ్గర ఈ రకం పాట అంత పదునుగా పుట్టింది.

నేను ఆ పాట విన్నది 2011లో, హైదరాబాదులో ఎం.ఏ. చదివే రోజుల్లో. ఆ ఏడు మే 27న గిల్ స్కాట్-హెరన్ చనిపోయాడు. హాస్టల్లో ఒక సీనియర్ అన్న కంప్యూటర్లో ఆయన పాట పెట్టి, "తమ్ముడూ, ఇది మన డప్పేరా" అన్నాడు. నిజంగానే మొదటి రికార్డులో వాయిద్యమంటూ చేతి డ్రమ్ములు తప్ప ఇంకేం లేవు. ఒక మనిషి గొంతు, చేతి దెబ్బ. ఇంగ్లీషు సగం అందలేదు. డిక్షనరీ పెట్టుకుని వారం కూచున్నాను. ఇప్పుడు హైస్కూల్లో సోషల్ చెప్పే పంతుల్ని. మా ఇంట్లో పట్టా తెచ్చుకున్న మొదటివాణ్ణి నేనే గనక ఇంగ్లీషు పాటకి అర్థం చెప్పేవాళ్ళు ఇంట్లో ఎవరూ లేరు. డప్పు దెబ్బకి అర్థం చెప్పేవాళ్ళు మాత్రం వీధంతా వున్నారు.

ఆయన 1949లో షికాగోలో పుట్టి, టెనెసీ రాష్ట్రం జాక్సన్‌లో అమ్మమ్మ దగ్గర పెరిగాడు. 1962లో అక్కడి తెల్లపిల్లల బడిలోకి అడుగుపెట్టిన ముగ్గురు నల్లపిల్లల్లో ఒకడు. ఆ ముగ్గురిలో ఒకడుగా వుండడం అంటే ఏంటో మన హాస్టల్ పిల్లలకి విడమర్చి చెప్పక్కర్లేదు. "ది రివల్యూషన్ విల్ నాట్ బి టెలివైజ్డ్" అనే పాటని ముందు 1970లో ఒట్టి డ్రమ్ముల మీద, మళ్ళీ 1971లో ఫ్లూటు, బేస్ గిటారు కలిపి రికార్డు చేశాడు. అప్పటికి ఆయనకి ఇరవై, ఇరవై రెండేళ్ళు.

పాటంతా ప్రకటనల భాషే. శీతల పానీయం, నోటి దుర్వాసన మందు, అద్దె కారు, సీరియళ్ళు, సినిమా తారలు. వీటన్నిటినీ వరసగా పిలిచి, రాబోయే విప్లవం ఇదేదీ కాదని కొట్టేస్తూ పోతాడు. తిట్టు ఒక్కటీ లేదు. శత్రువు మాటని శత్రువు నోట్లోంచి లాగి, వెల్లకిలా వేసి చూపిస్తాడు. మన చెప్పులు కుట్టే పనిలో తోలు తిరగేసి లోపలి వైపు చూపిస్తే ఎక్కడ చివికిందో ఎట్లా తెలిసిపోతుందో అట్లా. సరుకు అమ్మే మాటా వార్త చెప్పే మాటా ఒకే గొంతులోంచి వస్తున్నాయని, రెండిటికీ యజమాని ఒకడేనని వినేవాడికి దానంతటదే తెలుస్తుంది.

ఈ పాట పుట్టడానికి రెండేళ్ళ ముందు, 1968లో, అమెరికా ప్రభుత్వమే వేసిన కెర్నర్ కమిషన్ ఇదే సంగతి తన భాషలో చెప్పింది. నల్లవాడల్లో వచ్చిన తిరుగుబాట్ల మీద వేసిన కమిషన్ అది. పత్రికలు తెల్లవాడి కళ్ళతో రాస్తున్నాయనీ, వార్తలు రాసే ఉద్యోగాల్లో నల్లవాళ్ళు నూటికి 5 మంది కూడా లేరనీ, సంపాదకుల్లో నూటికి ఒక్కరు కూడా లేరనీ తేల్చింది. కమిషన్ రిపోర్టు బీరువాలోకి పోయింది. పాట వీధిలో వుండిపోయింది.

చాలామంది ఈ పాటని "టీవీ వాళ్ళు మన పోరాటాన్ని చూపించరు" అనే ఫిర్యాదుగా చదువుతారు. అది సగమే. మార్పు ముందు మనిషి బుర్రలో జరుగుతుంది, దాన్ని ఏ కెమెరా పట్టుకోలేదు అని ఆయనే తర్వాత ఒక ఇంటర్వ్యూలో వివరించాడు. నాకు ఇది మన పల్లెల్లో బాగా అర్థమవుతుంది. వెట్టికి పోనని మొదటిసారి ఒక మనిషి మంచం మీదనుంచి లేవకుండా పడుకున్న పొద్దు వుంటుంది చూశారూ, దాన్ని ఏ విలేఖరి రాశాడు?

ఇక్కడ నా సొంత సంగతి ఒకటి చెప్పాలి. 2003లో నేను పదో తరగతి. మా పల్లె పెళ్ళి ఊరేగింపు ఊరి నడివీధిన పోయిందని కర్రలతో మీద పడ్డారు. మా వాళ్ళు పదకొండు మంది ఆస్పత్రి పాలయ్యారు. మా నాయన ఎడమ చెయ్యి విరిగింది. మూడోనాడు టీ హోటల్లో పత్రిక దొరికింది, మా గ్లాసులు వేరే పెట్టే హోటలే. తెచ్చి ఆస్పత్రి వరండాలో పైకి చదివాను. ఏ పత్రికో పేరు అనవసరం, ఏదైనా అట్లాగే రాసేది. "ఇరువర్గాల మధ్య ఘర్షణ" అని వుంది. అంగుళంన్నర వార్త.

"ఇరువర్గాలంటే ఏందిరా అబ్బాయ్?" అంది మా నాయనమ్మ.

"రెండు వైపులా కొట్టుకున్నారని, నాయనమ్మా."

"మనం ఎవుర్ని కొట్టాం?"

ఆ ప్రశ్నకి జర్నలిజం కాలేజీల్లో ఏం జవాబు చెప్తారో నాకు తెలీదు. ఆ రెండు మాటల్లో ఎంత పని జరిగిందో చూడండి. కొట్టినవాడికి కులం లేకుండా పోయింది, దెబ్బ తిన్నవాడు సగం నేరస్తుడయ్యాడు. 1989 అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు పెడితే అవతల కౌంటర్ కేసు పడుతుంది. కౌంటర్ కేసుకి కావాల్సిన కథ పత్రికలో అప్పటికే అచ్చై వుంటుంది. కారంచేడు, చుండూరు దగ్గర్నుంచీ "ఘర్షణ" అనే ముసుగు ఎన్ని శవాల మీద కప్పారో ఈ పుస్తకం చదివే కార్యకర్తలకి నేను చెప్పనక్కర్లేదు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని నరికి గోతాల్లో కుక్కి కాలవలో వేశారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది, 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. ఎనిమిది శవాలు ఒక వైపే లేస్తే అది ఘర్షణ ఎట్లా అవుతుందని లెక్కల పంతులు అడగాలి. నేను సోషల్ పంతుల్ని.

ఆ రాత్రి ఆస్పత్రి బయట మా పెదనాయన ఒక పాట అందుకున్నాడు. అక్షరం రానివాడు. అందులో ఒక చరణం నాకు ఇప్పటికీ గుర్తుంది:

ఇరువర్గాలన్నాడమ్మా పేపరాయన
ఆస్పత్రి మంచాలన్నీ ఒక్క వర్గమే

ఇది సాహిత్యమా కాదా అని అడిగే విమర్శకులు ఇప్పటికీ వున్నారు. నేను ఎం.ఏ. తెలుగులో పద్యలక్షణాలన్నీ బట్టీ పట్టాను. పత్రిక మాటని పత్రిక మీదకే తిప్పి, సాక్ష్యం కింద ఆస్పత్రి మంచాల్ని నిలబెట్టిన ఈ రెండు పాదాలు గిల్ స్కాట్-హెరన్ చేసిన పనినే చేశాయి. కాకపోతే ఆయన శ్రోతకి రికార్డు కంపెనీ వుంది. మా పెదనాయన శ్రోతలు పది మంది, అందరి తలలకీ కట్లే.

మన దగ్గర లెక్క ఏమిటంటే, 1996లో వాషింగ్టన్ పోస్టు తరఫున ఢిల్లీలో వున్న కెన్నెత్ కూపర్ ఒక దళిత జర్నలిస్టు కోసం వెతికాడు. కూపర్ నల్లజాతివాడు. అతని ప్రశ్నకి జవాబు వెతుకుతూ బి.ఎన్. ఉనియాల్ అనే సీనియర్ పాత్రికేయుడు ప్రభుత్వ గుర్తింపు వున్న 686 మంది విలేఖరుల జాబితా తిరగేశాడు. అందులో ఒక్క దళితుడు దొరకలేదని ఆ నవంబరులో పయనీర్ పత్రికలో రాశాడు. నల్లవాడు వచ్చి అడిగితే తప్ప ఆ ప్రశ్నే పుట్టలేదన్నది నాకు ఎక్కువ బాధ కలిగించే సంగతి. 2006లో ఢిల్లీలోని 37 జాతీయ మీడియా సంస్థల్లో నిర్ణయాలు చేసే 315 మందిని సర్వే చేస్తే ఎస్సీ, ఎస్టీలు సున్నా. 2019లో ఆక్స్‌ఫామ్, న్యూస్‌లాండ్రీ కలిసి చూసిన 121 పెద్ద కుర్చీల్లో 106 అగ్రవర్ణాలవే, ఎస్సీ, ఎస్టీలు మళ్ళీ సున్నా. అంబేడ్కర్ 1920 జనవరి 31న మూక్‌నాయక్ పెట్టినప్పుడు, డబ్బిచ్చి ప్రకటన వెయ్యమన్నా కేసరి పత్రిక వెయ్యలేదు. ఆయన కేసరి మీద పాట కట్టలేదు, బతిమాలనూ లేదు. మూక్‌నాయక్ తర్వాత బహిష్కృత భారత్, ఇంకా తర్వాత జనతా, ప్రబుద్ధ భారత్ నడిపాడు. నల్లవాళ్ళూ 1827లోనే న్యూయార్కులో ఫ్రీడమ్స్ జర్నల్ పెట్టుకున్నారు. అంటే పాట ఒక్కటే దారి కాదు. అచ్చు యంత్రం లేని చోట పాట.

ఇప్పుడు పబ్లిక్ ఎనిమీ దగ్గరకి వస్తాను. హాస్టల్ కుర్రాళ్ళకి స్కాట్-హెరన్ కంటే వీళ్ళంటేనే పిచ్చి, వీళ్ళ చప్పుడు అట్లాంటిది. 1988లో వచ్చిన రెండో రికార్డులో "డోంట్ బిలీవ్ ద హైప్" అనే పాట తమని చెడ్డగా రాసిన విలేఖరుల మీదా, తమ పాట వెయ్యని రేడియో వాళ్ళ మీదా సూటిగా పెట్టిన గురి. ఆ బృందానికి మాట రాసే చక్ డి, ర్యాప్ అంటే నల్లవాళ్ళ సీఎన్ఎన్ అన్నాడు. ఆ మాట ప్రపంచమంతా తిరిగింది. మన వాళ్ళూ సభల్లో వాడుకుంటారు. నాకు ఆ పోలిక నచ్చదు. మన పాట ఇంకొకరి టీవీలాగా ఎందుకుండాలి? పైగా ఆ సీఎన్ఎన్‌కీ ఒక యజమాని వున్నాడు. 1987లో వీళ్ళ మొదటి రికార్డుని బజారుకి తెచ్చిన సీబీఎస్ రికార్డు కంపెనీ అప్పట్లో సీబీఎస్ టెలివిజన్ కుటుంబంలోదే. 1988లో సోనీ కొనుక్కుంది. చాటింపు వాళ్ళది, మరి డప్పు ఎవరిది?

అదే 1988 రికార్డులో "షి వాచ్ ఛానల్ జీరో" అనే పాట వుంది. టీవీకి అతుక్కుపోయిన ఆడమనిషిని దెప్పుతుంది. మన సంఘాల్లో కూడా ఈ గొంతు వినపడుతుంది, ఆడవాళ్ళు సీరియళ్ళు చూసి చెడిపోతున్నారని. మా అమ్మ పొద్దున ఆరింటికి మిరప కోతకి పోయి, సాయంత్రం పొయ్యి ముట్టించి, అందరికీ పెట్టి, రాత్రి ఒక్క అరగంట సీరియల్ చూసేది. ఆ అరగంట మీద పాట కట్టినవాడు అంతకు ముందు పన్నెండు గంటల మీద ఏం కట్టాడు? చల్లపల్లి స్వరూపరాణి, గోగు శ్యామల లాంటివాళ్ళు మన ఉద్యమానికి నేర్పిన ప్రశ్న ఇది. మీడియాని తిట్టే పాట మీడియా లాగానే తేలిగ్గా దొరికిన మనిషినే కొడితే దాన్ని ధిక్కారం అనలేను.

ఇంకా కష్టమైన పాట ఒకటి వుంది. 1991లో వాళ్ళు "ఎ లెటర్ టు ద న్యూయార్క్ పోస్ట్" పాడారు. 1801లో పుట్టిన పత్రిక మీద నల్లవాళ్ళు రాసిన ఉత్తరం. పత్రిక పాపాల చిట్టా నిజమే కావచ్చు. అయితే ఈ పాట పుట్టిన సందర్భం, బృందంలోని ఫ్లేవర్ ఫ్లేవ్ తన పిల్లల తల్లి మీద చెయ్యి చేసుకుని అరెస్టయిన వార్త. అతను నేరం ఒప్పుకుని జైలుకి కూడా పోయాడు. అంతకు ముందు 1989లో ప్రొఫెసర్ గ్రిఫ్ యూదుల మీద విషం కక్కిన ఇంటర్వ్యూ వాషింగ్టన్ టైమ్స్‌లో వచ్చింది. అది అచ్చేసిన విలేఖరి డేవిడ్ మిల్స్ నల్లవాడే. ఈ రెండు సందర్భాల్లోనూ పత్రిక రాసింది అబద్ధం కాదు.

కార్యకర్తలు ఈ పాట దగ్గర ఆగి ఆలోచించాలి. మన మీద వచ్చే వార్తల్లో కుట్ర చాలా వుంది. అంతమాత్రాన మన నాయకుడు ఇంట్లో భార్యని కొడితే వచ్చిన వార్త కుట్ర కాదు. "ఇరువర్గాలు" అని రాసినప్పుడు మా నాయనమ్మ అడిగిన ప్రశ్నకి బలం ఎక్కడిది? మేం ఎవర్నీ కొట్టలేదన్న నిజంలోంచి వచ్చింది. ఆ నిజం లేనప్పుడు జాతి పేరు చెప్పి పాడిన పాట, కులం పేరు చెప్పి తప్పించుకునే అగ్రవర్ణ లాయరు వాదన లాగానే వినపడుతుంది. ఆ దెబ్బ తిన్న ఆడమనిషి కూడా నల్లమనిషే. ఉత్తరంలో ఆమెకి చోటు లేదు.

పాట రాగం ఎట్లా వుందని కూడా చూస్తాను. ఉత్తరం అంటే పత్రికకే రాసేది. అంటే ఇంకా ఆ పత్రిక తలుపు తట్టుతున్నాం, మమ్మల్ని సరిగా రాయి అని. స్కాట్-హెరన్ ఆ తలుపు తట్టడు. టీవీకి వీపు పెట్టి పక్కింటివాడితో మాట్లాడతాడు.

ఆయన మాట ఇప్పుడు నిలబడుతుందా అని పిల్లలు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. 1991 మార్చిలో లాస్ ఏంజెలిస్‌లో రోడ్నీ కింగ్‌ని పోలీసులు కొడుతుంటే పొరుగున వున్న ఒకాయన వీడియో తీశాడు. ప్రపంచమంతా చూసింది, 1992లో జ్యూరీ ఆ పోలీసుల్ని వదిలేసింది. 2020 మే 25న మిన్నియాపాలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్ చనిపోయినప్పుడు పోలీసుల ప్రకటన, ఆరోగ్యం దెబ్బతిని ఒక మనిషి చనిపోయాడన్నట్టు వుంది. పదిహేడేళ్ళ నల్లపిల్ల ఫోనులో తీసిన వీడియో లేకపోతే ఆ ప్రకటనే వార్తయ్యేది. ఈసారి శిక్ష పడింది. మన దగ్గర 2016 జూలైలో ఉనాలో చచ్చిన ఆవు తోలు తీసినవాళ్ళని కట్టేసి కొట్టిన వీడియో కూడా లోకమంతా చూసింది. తేడా ఏంటంటే, దాన్ని తీసి పంచుకున్నది కొట్టినవాళ్ళే, గొప్ప కోసం. కెమెరా ఎవరి చేతిలో వుంది, ఎవరి ధైర్యం కోసం తిరుగుతోంది అనే ప్రశ్న పోలేదు. చుండూరుకి ఏ కెమెరా లేదు. అందుకే నేను వీడియోని తక్కువ చెయ్యను, పాటతో పోల్చి తూకమూ వెయ్యను.

పాటని కొనెయ్యడం మాత్రం వాళ్ళకి బాగా తెలుసు. 1990ల మధ్యలో నైకీ బూట్ల కంపెనీ స్కాట్-హెరన్ పాట వరసనే తీసుకుని, కె.ఆర్.ఎస్-వన్ అనే ర్యాపర్ చేత బాస్కెట్‌బాల్ ప్రకటన చేయించింది. ప్రకటనల్ని వెక్కిరించిన పాట ప్రకటనైంది. మన దగ్గర గద్దర్ కారంచేడు మీద పాడినప్పుడు ఆ గొంతు గూడేల్లో క్యాసెట్ల మీద తిరిగింది. ఆయన 2023లో చనిపోయింది ఆగస్టు 6న, చుండూరు రోజునే. ప్రభుత్వ లాంఛనాలతో జరిగిన అంత్యక్రియల్ని ఛానళ్ళన్నీ చూపించాయి. చూపించొద్దని నేను అనను. ఆ రోజు ఏ ఛానలైనా చుండూరు పేరెత్తిందేమోనని మార్చి మార్చి చూశాను. నేను చూసినంతసేపు లేదు.

1994లో స్కాట్-హెరన్ "మెసేజ్ టు ద మెసెంజర్స్" అని ఒక పాట చేశాడు. అది పత్రికలకి కాదు, తన తర్వాత వచ్చిన ర్యాపర్లకి. జనం మీ మాట వింటున్నారు, మాట తెలుసుకుని వాడండి, మన వాళ్ళ మీదకే తిప్పకండి అనే పెద్దన్న మందలింపు. ఆ పాటలో ఆయన గొంతు అలిసిపోయి వుంటుంది. అప్పటికే మత్తుమందు ఆయన్ని తినేస్తోంది. అయినా నాకు మొదటి పాట కంటే ఇదే దగ్గరగా అనిపిస్తుంది, పంతులుద్యోగం వల్లనేమో.

మా పెదనాయన మనవడు ఇప్పుడు యూట్యూబులో డప్పు పాటలు పెడుతున్నాడు. తాత కట్టిన ఆ ఆస్పత్రి మంచాల పాట కూడా పెట్టాడు. ముందు బంగారం కొట్టు ప్రకటన వస్తుంది, తర్వాత పాట. వాడు బాగానే పాడాడు. తాత పాటలో మా ఊరి పేరు వుంటుంది, వీడు అది తీసేసి "ఒక ఊరిలోన" అని పెట్టాడు.

"పేరెందుకు తీశావురా?" అన్నాను.

"పేరుంటే రిపోర్టు కొడతారు బాబాయ్, ఛానలే పోద్ది."

పేరు పెట్టి మళ్ళీ పాడమన్నాను. వాడు ఇంకా పాడలేదు.